గోదావరిలో కలిసిన పౌరసత్వం

తాటిమెరక పట్టణంలో జనం ఉన్నారే తప్ప పౌరులు లేరన్న సంగతి, మునిసిపల్ కమిషనర్ చక్రధర్ ఏథెన్స్ వెళ్ళొచ్చాకే బయటపడింది.

నిజానికి ప్రభుత్వం ఆయన్ని పంపింది అక్కడ చెత్త ఎలా ఎత్తుతారో చూసి రమ్మని. ఆయన చెత్త చూడలేదు. శిథిలాలు చూశాడు. స్తంభాల ముందు నిలబడి ఫొటోలు దిగాడు. తిరిగొచ్చేటప్పుడు ప్రాచీన గ్రీకు పౌరసత్వం మీద లావుపాటి పుస్తకం ఒకటి కొనుక్కున్నాడు. విమానంలో సగం చదివాడు. ఆ ఆవేశంలో మిగతా సగం తెరవకుండానే తీర్మానం రాసేశాడు.

ఆ మిగతా సగమే తర్వాత అందరి కొంపా ముంచింది.

కౌన్సిల్ సమావేశంలో ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"గౌరవ సభ్యులకు విన్నవించునది ఏమనగా, ఏథెన్స్‌లో కాపురమున్న ప్రతివాడూ పౌరుడు కాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ ఊరి పౌర కుటుంబాల వాళ్ళయితేనే పౌరుడు. మిగతావాళ్ళు పరదేశులు. అక్కడే పుట్టినా, అక్కడే పోయినా పరదేశులే. వాళ్ళు పదవి చేపట్టరాదు. నేల కలిగి ఉండరాదు. ఒక పౌరుడు పూచీ పడితేనే ఊళ్ళో ఉండాలి. అందుకే ఏథెన్స్ ఏథెన్స్ అయింది. మనం ఇలా మిగిలిపోయాం."

సభ్యుల్లో కొందరు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు, కొందరు కునికిపాట్లు పడుతున్నారు. చైర్మన్ పద్మనాభం మాత్రం కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"నేల ఉండకూడదన్నారు. ఇప్పటికే ఉన్నోళ్ళ సంగతేంటండీ?"

"పరదేశి అని తేలితే ఆ నేల మునిసిపాలిటీకి దఖలు పడుతుంది."

"ఉదాహరణకి, బస్టాండు ఎదురుగుండా ఒక రేకుల షెడ్డు, అందులో ఇడ్లీ హోటలు ఉందనుకోండి."

"ఉదాహరణ చాలా స్పష్టంగా ఉంది చైర్మన్ గారూ."

స్పష్టంగానే ఉంటుంది. ఆ హోటలు ఎస్తేరమ్మది. తండ్రి సంసోను ఆమె పెళ్ళినాడే తన పేరున ఉన్న ఆ స్థలాన్ని కూతురికి రాసిచ్చాడు. భర్త పోయాక ఇడ్లీ, సాంబారు మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. ఆ స్థలంలో తన అల్లుడి చేత మూడంతస్తుల కాంప్లెక్సు కట్టించాలని పద్మనాభం మనసు పడ్డాడు. నోటీసులిచ్చాడు. కుళాయి కట్ చేయించాడు. ఎస్తేరమ్మ బిందెలతో నీళ్ళు మోయించి ఇడ్లీలు వేసింది, కోర్టుకెళ్ళి గెలిచింది, గెలిచిన రోజున చైర్మన్ ఇంటికి ఒక పొట్లం ఇడ్లీ ఉచితంగా పంపింది. ఆ పొట్లాన్ని మాత్రం పద్మనాభం మర్చిపోలేకపోయాడు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అది దేని గురించని ఎవరూ అడగలేదు. కాంప్లెక్సుకి 'అగోరా' అని కమిషనర్ పేరు కూడా పెట్టేశాడు. గ్రీకులో అంగడివీధి అని అర్థమట. కూల్చివేత ఉత్తర్వు మీద చైర్మన్ అక్కడికక్కడే సంతకం చేశాడు.

"మొదటి విచారణ ఎవరిది పెడదాం?" అన్నాడు కమిషనర్.

"అదేం ప్రశ్నండీ," అన్నాడు పద్మనాభం.

*

మునిసిపల్ కల్యాణమండపంలో విచారణ మొదలైంది. కమిషనర్ గ్రీకు పద్ధతిలో భుజం మీదుగా తెల్ల దుప్పటి చుట్టుకుని వచ్చాడు. దుప్పటి అంచున 'ఆర్ అండ్ బి అతిథిగృహం' అన్న ముద్ర ఉంది.

ఎస్తేరమ్మ పక్కన తండ్రిని కూర్చోబెట్టుకుంది. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, కోర్టు తీర్పు అన్నీ సంచిలో తెచ్చింది.

"కాగితాలు పరిగణనలోకి తీసుకోబడవు," అన్నాడు కమిషనర్. "కాగితం ఎవడైనా పుట్టిస్తాడు. ఏథెన్స్‌లో పదవికి ఎంపికైనవాణ్ణి అడిగే ప్రశ్నల్లో రాజీలేని ప్రశ్న ఒకటుంది. దాన్నే మనం ప్రమాణంగా స్వీకరించాం. అమ్మా, మీ పూర్వీకుల సమాధులు ఎక్కడ?"

పద్మనాభం కాలు మీద కాలేసుకున్నాడు. "కాలవ తవ్వకానికి ఎక్కణ్ణుంచో వచ్చినోళ్ళండీ వీళ్ళు. సమాధులెక్కడేడిశాయి!"

ఎస్తేరమ్మ లేచింది. "ఎవరి సమాధండీ? తాతదా, ముత్తాతదా, ఆయన నాన్నదా? ఎండెక్కతంది. తొందరుంటే దగ్గర్లో ఉన్నదే చూపిత్తాను."

అందరూ కాలవగట్టు పక్కన క్రైస్తవుల శ్మశానానికి నడిచారు. సమాధుల పండక్కి వేసిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది. ఎస్తేరమ్మ ఒక్కొక్క రాయీ తట్టి చూపించింది. తాత. నాయనమ్మ. ముత్తాత. ఆయన తండ్రి రాయి మీద అక్షరాలు సగం అరిగిపోయాయి.

"తల్లి వైపు?" అన్నాడు కమిషనర్.

"ఆళ్ళు అదిగో ఆ మూలున్నారండి. మా నాన్న తరపోళ్ళతో పడేది కాదు. అందుకని దూరంగా పెట్టాం."

కమిషనర్ ఆ అరిగిన రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. దుప్పటికి బురదయింది. "నాలుగు తరాలు! రెండు వైపులా! ఏథెన్స్‌లో నాకు ఇలాంటి కుటుంబం ఒక్కటీ చూపించలేకపోయారు." లేచి నిలబడ్డాడు. "ఇందుమూలముగా ఎస్తేరమ్మను తాటిమెరక ప్రథమ పౌరురాలిగా ప్రకటించడమైనది."

ఆలివ్ ఆకుల కిరీటం పెట్టాలట. ఆలివ్ దొరకలేదు కాబట్టి జామకొమ్మ విరిచి పెట్టారు.

"హోటలు?" అంది ఎస్తేరమ్మ కిరీటం సర్దుకుంటూ.

"పౌరుల నేల పౌరులదే."

పద్మనాభం మొహం మాడిపోయింది. కానీ అసలు దెబ్బ ఇంకా తగల్లేదు.

*

"నిబంధన ప్రకారం తదుపరి విచారణ పదవుల్లో ఉన్నవారిది," అన్నాడు కమిషనర్ మండపానికి తిరిగొచ్చాక. "చైర్మన్ గారూ, తమ పూర్వీకుల సమాధులు?"

పద్మనాభం నవ్వాడు. "భలేవారే! మాకు సమాధులేంటండీ. మేం దహనం చేస్తాం."

"బూడిద?"

"గోదావరిలో కలుపుతాం. మా నాన్నగారిని రాజమండ్రిలో కలిపాం. తాతగారినీ అక్కడే."

కమిషనర్ పట్టణ పటం పరిచి చూశాడు. పైనుంచి కిందికి చూశాడు, కింద నుంచి పైకి చూశాడు. "గోదావరి మన మునిసిపల్ పరిధిలోకి రాదండీ."

"రాకపోతే?"

"తమ పితరులు పట్టణ పరిధి దాటి వెళ్ళినట్టు. అదీ ప్రవాహంలో. ప్రస్తుత నివాసం బంగాళాఖాతం అని నమోదు చేసుకోవలసి వస్తుంది."

మండపంలో ఎవడో కిసుక్కుమన్నాడు.

"ఏం మాట్లాడుతున్నారండీ! మా వంశం ఈ ఊళ్ళో ఏడు తరాలు. మా వీధికి మా తాత పేరే ఉంది."

"వీధులకి మేం ఎవరి పేరైనా పెడతాం. అది రుజువు కాదు. చూపించడానికి ఒక రాయైనా లేకపోతే నేనేం చెయ్యను? తమరు పరదేశి. చట్టం మీదే, సంతకం మీదే."

సాయంత్రానికి కౌన్సిల్ సభ్యుల్లో ముస్లిం సభ్యుడొకాయన, సమాధి చేసే ఆచారమున్న జంగం కులస్థుడొకాయన తప్ప మిగతా అందరూ పరదేశులైపోయారు. కోరం లేదు కాబట్టి కౌన్సిల్ రద్దయింది. కౌన్సిల్ లేదు కాబట్టి ప్రత్యేకాధికారిగా చక్రధర్ తనను తాను నియమించుకున్నాడు. ఊరంతటి నేలా దఖలు చేసుకోవడానికి గుమస్తాలు చాలరు కాబట్టి, పూచీదారు ఉన్న పరదేశి నేల జోలికి పోమని, నెలలోపు పూచీదారుణ్ణి చూపించని పరదేశి ఆస్తిని మాత్రం వేలం వేస్తామని ఆటోకి మైకు కట్టించి చాటించాడు. ఆయన తాత అస్థికలు కాశీలో కలిశాయి. అయితే ఆయన బదిలీల మీద తిరిగే అధికారి. ఏ ఊరికీ పౌరుడు కానవసరం లేదని తనే ఒక వివరణ జారీ చేసుకున్నాడు.

మర్నాటి నుంచి తాటిమెరకలో తాపీమేస్త్రీలు దొరకలేదు. పెరట్లో, మేడ మీద, కారు షెడ్లో ఎక్కడ జాగా ఉంటే అక్కడ సమాధులు లేచాయి. రియల్ ఎస్టేటు వాళ్ళు 'తాతగారి ప్లాట్లు' అని బోర్డులు పెట్టారు, తూర్పు ముఖానికి రేటు ఎక్కువ. పళ్ళ డాక్టరు ఒకాయన కాలవ తవ్వించిన తెల్లదొర సమాధి తన ముత్తాతదని దరఖాస్తు పెట్టుకున్నాడు. ముక్కు చూడమన్నాడు. సమాధుల ధ్రువీకరణ విభాగం వచ్చి ఒక మాజీ సభ్యుడి నానమ్మను తవ్వితే, కిందటేడు మురుగుకాలవకి వాడేసినట్టు బిల్లు పెట్టిన సిమెంటు బస్తాలు బయటపడ్డాయి. గట్టిపడిపోయి ఉన్నాయి. నానమ్మ దరఖాస్తు తిరస్కరించారు. సిమెంటు గురించి ఎవరూ ఏమీ అనలేదు. అది ఏథెన్స్ పుస్తకంలో లేని విషయం.

పద్మనాభానికి దొంగ సమాధి దారి మూసుకుపోయింది. పౌరులుగా మిగిలిన ఇద్దరు సభ్యులూ పాత లెక్కలు తీసి, ఆయనకి పూచీ ఉండేది లేదన్నారు. పరువు చూసుకుంటే ఇల్లు వేలానికి వెళ్తుంది. తువ్వాలు భుజాన వేసుకుని ఎస్తేరమ్మ హోటలుకి బయల్దేరాడు.

*

"ఏమ్మా ఎస్తేరూ, బాగున్నావా? నువ్వు నాకు చెల్లెల్లాంటిదానివి."

"మొన్న కుళాయి కట్ చేయించినప్పుడు కూడా చెల్లెల్నేనా అండీ?"

"అవన్నీ మనసులో పెట్టుకోకు. నాకు పూచీ ఉండు తల్లీ. నీదొక్క మాట చాలు."

ఎస్తేరమ్మ ఇడ్లీ పళ్ళెం పొయ్యి మీంచి దించింది. "ఉంటానండి. ఈ హోటలు జోలికి మీరు గానీ, మీ అల్లుడు గానీ, మీ తర్వాతోళ్ళు గానీ రామని రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే పెట్టండి. ఇడ్లీ తిన్నాక పెడతానంటే కుదరదు."

పద్మనాభం జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. కాగితం మీద 'నేను' అని రాశాడు.

అప్పుడే బయట జీపు ఆగింది. చక్రధర్ పుస్తకం చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. రెండో సగం మొదలుపెట్టినట్టున్నాడు.

"ఆపండి! ఆ పూచీ చెల్లదు. ఏథెన్స్‌లో ఆడవాళ్ళు పౌరుల కూతుళ్ళు, పౌరుల తల్లులు. అంతవరకే. సభలో మాట్లాడరాదు, పెద్ద ఒప్పందాలు చేయరాదు, నేల పేరున ఉండరాదు. ప్రతి స్త్రీకీ ఒక మగ సంరక్షకుడు ఉండాలి. నూట ఎనభయ్యో పేజీ."

ఎస్తేరమ్మ గరిట కింద పెట్టింది. "మొన్న కిరీటం పెట్టారు కదండీ?"

"కిరీటం ఉంచుకోవచ్చు."

"మరి హోటలు?"

"సంరక్షకుడి పేరుకి మారుతుంది. భర్త లేడు కాబట్టి తండ్రి. తండ్రి వృద్ధుడైతే బాధ్యత కొడుక్కి వెళ్తుంది. మీకు అన్నదమ్ములెవరైనా...?"

"లేరు."

"నమోదు చేసుకుంటాను."

పద్మనాభం పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. 'నేను' అని రాసిన కాగితంతో చేతులు తుడుచుకున్నాడు. పోతూ పోతూ కమిషనర్ని పక్కకి పిలిచి ఒక్కటే మాట అడిగాడు.

"ఏథెన్స్‌లో దత్తత ఉందాండీ?"

"భేషుగ్గా ఉంది. పెద్దవయసు వాళ్ళని కూడా తీసుకునేవారు. ముందు మీకు పౌరసత్వం మంజూరు చేయాలి. నా అధికారంలోనే ఉంది. ఆ వెంటనే దత్తత వెళ్తే వాళ్ళ సమాధులు మీ సమాధులు."

ఇంకేమైనా ఉందా అని పద్మనాభం అడగలేదు. అడిగి ఉంటే కమిషనర్ పేజీ తిప్పేవాడు.

*

సంసోను ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో సమాధుల సందడి మొదలైనప్పటి నుంచీ ఆయనకి ఒకటే ధ్యాస. మేస్త్రీలు దొరకడం లేదు. తన వంతు వచ్చేసరికి రాయి దొరుకుతుందో లేదో.

"పాలరాయి వేయిస్తాను," అన్నాడు పద్మనాభం ఆయన పక్కనే అరుగు మీద కూలబడి. "జైపూరు నుంచి లారీలో తెప్పిస్తాను. మీ ఫొటో చెక్కిస్తాను."

"నడుం వరకా?"

"నిలువెత్తు."

"తలపాగాతో?"

"మీ ఇష్టం నాన్నగారూ."

ఆ ఒక్క పిలుపుకి ముసలాయన కరిగిపోయాడు. కొడుకు లేడన్న దిగులు ఆయనకి పెళ్ళయిన నాటి నుంచీ ఉంది.

కబురు తెలిసి ఎస్తేరమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. అప్పటికే కమిషనర్ దుప్పటి చుట్టుకుని దత్తత ప్రకటించేశాడు.

"ఏం పని చేశావు నాన్నా? నా పిల్లల నోటికాడ కూడు ఈ మడిసి చేతిలో పెట్టేశావా?"

సంసోను తల దించుకున్నాడు. "నీకూ అన్న ఉండాలి కదే. రేపు నేను పోతే శవప్పెట్టి మోసేవోళ్ళు కావాలి కదా."

"నేను మొయ్యనా? ఇన్నేళ్ళు నిన్ను మోత్తంది ఎవరు?"

పద్మనాభం గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా చెల్లెమ్మా, హోటలు ఇప్పుడు నా పేరున ఉంది. రేపు పొద్దున్నకి సామాను తీసేయ్. మర్యాదగా చెబుతున్నాను."

"తియ్యను. ఏం చేత్తావో చేస్కో అన్నయ్యా." ఆ చివరి మాటని ఆమె ఉమ్మినట్టు అంది.

పద్మనాభం ఈల వేసుకుంటూ ఇంటికెళ్ళాడు. గేటుకి కొత్త తాళం ఉంది. లోపల వరండాలో ఆయన తమ్ముడు జగ్గారావు పడక్కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అన్నదమ్ములిద్దరి మధ్యా రైసుమిల్లు తగాదా పదిహేనేళ్ళుగా కోర్టులో నలుగుతోంది.

"ఏరా, నా ఇంట్లో నీకేం పని? తాళం తియ్!"

"ఎవరండీ మీరు?" అన్నాడు జగ్గారావు చాలా మర్యాదగా. "ఓహో, సంసోను గారి అబ్బాయా! కమిషనర్ గారు ఇందాకే వచ్చి వెళ్ళారు. దత్తత వెళ్ళినవాడికి పుట్టింటి ఆస్తిలో హక్కు పోతుందట. తర్వాతి పేజీలోనే ఉందట. ఇల్లు, మిల్లు, కొబ్బరితోట అన్నీ నావేనన్నారు. నాకు పూచీ ఉండటానికి ముస్లిం సభ్యుడు ఒప్పుకున్నాడు."

"ఒరేయ్! నేను నీ అన్ననిరా!"

"బంధుత్వాలు కలుపుకోకండి. బాగోదు."

పద్మనాభం కిటికీ వైపు తిరిగి భార్యని పిలిచాడు. ఆవిడ తెర తొలగించి చూసింది.

"నేను ఈ ఇంటి కోడల్నండీ," అంది. "మీరు ఆ ఇంటి కొడుకు. నన్నేం చెయ్యమంటారు? పోనీ చీకటి పడకముందే వెళ్ళండి, కాలవగట్టు మీద కుక్కలుంటాయి."

ఆయన తిన్నగా కమిషనర్ దగ్గరికి పరుగెత్తాడు. పౌరుణ్ణయ్యాను కాబట్టి చైర్మన్ పదవైనా తిరిగి ఇమ్మన్నాడు. చక్రధర్ బాధగా తల అడ్డంగా ఊపాడు.

"కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ళు పెద్ద పదవులు చేపట్టరాదు. తమ పిల్లలకు అవకాశం ఉంటుంది."

"నా పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారుగా!"

"అవును. వాళ్ళు పరదేశులు. చిక్కే."

*

మర్నాడు పొద్దున్న బస్టాండు ఎదురుగా బుల్డోజరు వచ్చి ఆగింది. ఎస్తేరమ్మ హోటలు తెరిచే ఉంది. సామాను ఎక్కడిదక్కడే ఉంది. ఆమె రేకుల షెడ్డు గుమ్మంలో నిలబడింది. ఇద్దరు కూతుళ్ళు చెరో పక్కా నిలబడ్డారు. టిఫిన్‌కి వచ్చిన జనం విస్తరాకులు చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

జీపులోంచి చక్రధర్ దిగాడు. "అగోరా నిర్మాణం నిమిత్తం కట్టడం తొలగింపునకు ఉత్తర్వు. చైర్మన్ గారి సంతకమే. ఫైలు కదిలింది. కదిలిన ఫైలును ఆపే అధికారం నాకు లేదు. డ్రైవరూ, కానివ్వు."

బుల్డోజరు మూతి పైకి లేచింది. ఎస్తేరమ్మ కదల్లేదు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక మనిషి వచ్చి బుల్డోజరు ముందు అడ్డంగా పడుకున్నాడు. నలిగిన సిల్కు చొక్కా. గడ్డం మాసింది. సంసోను అరుగు మీద రాత్రంతా దోమలు కుట్టిన మొహం.

పద్మనాభం.

"ఆపండి! నా మీంచి పోనివ్వండి చూద్దాం! ఎవడబ్బ సొమ్మురా ఇది? మా ముత్తాత ఈ ఊరి కాలవ తవ్వాడు! మా తాత ఇదే మట్టిలో ఉన్నాడు, రండి చూపిస్తాను! నాలుగు తరాలుగా ఇక్కడున్నాం, మమ్మల్ని లేపడానికి మీరెవరు?"

జనంలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వు రావడానికి కొంచెం టైము పట్టింది.

"ఇది తమ సంతకమే కదండీ," అన్నాడు కమిషనర్ ఉత్తర్వు చూపిస్తూ.

"అది పాత పద్మనాభం! ఆయన బంగాళాఖాతం వాడు, ఆయనతో నాకేం సంబంధం? నాకు ఉన్నదల్లా ఈ రేకుల షెడ్డే! దీన్ని ముట్టుకుంటే హైకోర్టుకెళ్తాను! మా చెల్లెలి నోటికాడ కూడు తీస్తారా?"

చక్రధర్ పుస్తకం తీశాడు. జీపు బానెట్ మీద పెట్టి పేజీలు తిప్పాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు, చివర విషయసూచిక కూడా చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"ఏథెన్స్‌లో బుల్డోజర్ల ప్రస్తావన లేదు," అని ప్రకటించాడు చివరికి. "గ్రంథంలో స్పష్టత లేని అంశంపై యథాతథ స్థితి కొనసాగించవలసిందిగా ఆదేశించడమైనది. ఎప్పటివరకు అనగా, స్పష్టత వచ్చేవరకు." జీపెక్కాడు. ఆయనకి ఆ మధ్యాహ్నమే ఉత్తమ ఆవిష్కరణ అవార్డు అందుకోవడానికి రాజధానికి వెళ్ళాల్సి ఉంది.

బుల్డోజరు డ్రైవరు ఇంజను ఆపేసి, దిగి, చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నాడు. నాలుగిడ్లీ అన్నాడు.

సంసోను కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఇంకా రోడ్డు మీదే పడుకుని ఉన్న కొడుకు పక్కన నిలబడ్డాడు. "బాబూ, ఆ పాలరాయి లారీ ఎప్పటికొత్తాదన్నావు?"

పద్మనాభం వినిపించుకోలేదు. ఆకాశం వంక చూస్తూ అరుస్తూనే ఉన్నాడు. "నాలుగు తరాలు! నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం!"

ఎస్తేరమ్మ గుమ్మంలోంచి వంగి చూసింది.

"అరుపులు చాల్లే అన్నయ్యా," అంది. "లోపలికొచ్చి పిండి రుబ్బు. సాంబారు అడుగంటతంది."